రెండు మరల ఎత్తు

విరిగే ముందు ఇనుము ఒక మాట చెబుతుంది. చెవికి కాదు, చేతికి. అంతసేపూ మొండికేసిన నట్టు ఒక్కసారిగా మెత్తబడి, వదులైనట్టే అనిపించి, మనిషిని మురిపిస్తుంది. ఏసుదాసు మురిసే రకం కాదు. పది నంబరు స్పానరును నట్టుకే వదిలేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అన్నా, ఇది మెత్తగా వస్తాండాది. ఒకసారి చూడు" అని ఓబుళప్పను పిలిచాడు.

పెనుకొండ బస్టాండు పక్క సందులో ఓబుళప్ప అంగడి. మూడు వైపులా రేకులు, నాలుగో వైపు వీధి. బోర్డు లేదు, దాని అవసరమూ ఎప్పుడూ రాలేదు. చుట్టుపక్కల పల్లెల్లో బండి మొరాయిస్తే "ఓబుళప్ప చెయ్యి పడాల" అంటారు. ఆ చేతికి అరవై రెండేళ్లు నిండాయి. పద్నాలుగేళ్లుగా ఏసుదాసు ఆ చేతి కిందే ఉన్నాడు. కొన్నేళ్లుగా పనంతా ఏసుదాసుదే, పేరు మాత్రం ఓబుళప్పది.

అప్పుడు వాళ్ల ముందున్నది లక్ష్మీనారాయణ మోటారుసైకిలు. ఆయనది సోమందేపల్లి పక్క పల్లె. నలభై ఎకరాల శెనక్కాయ భూమి, తాతల నాటి ఇల్లు. సైలెన్సరు ఇంజనుకు కలిసే చోట గాలి లీకై బండి పటపటమంటోందని పొద్దున తెచ్చి వదిలిపోయాడు. సైలెన్సరు విప్పి లోపలి గ్యాస్కెట్టు మార్చితే అరగంట పని. ఇంజను తల నుంచి ముందుకు పొడుచుకొచ్చిన రెండు స్టడ్లు, మరలు కోసిన పొట్టి ఇనుప కడ్డీలు, వాటి మీద రెండు నట్లు. ఎడమది బుద్ధిగా వచ్చింది. కుడిదే ఇలా మెత్తబడింది.

ఓబుళప్ప స్టూలు మీది నుంచి లేచి వచ్చి, ఒక కన్ను మూసి వంగి చూసి, స్పానరు పట్టుకుని లాగాడు. ఎండిన శెనక్కాయ ఒలిచినంత చప్పుడు అయింది, అంతే. స్పానరులో నట్టు, నట్టులో విరిగిన స్టడ్డు ముక్క. ఇంజను తలలో మిగిలిన మొండి బయటికి రెండు మరల ఎత్తుంది. పట్టుకుందామంటే పట్టు దొరకదు, వదిలేద్దామంటే బండి నడవదు. 

ఇద్దరూ ఆ మొండినే చూస్తూ నిలబడ్డారు. ఏసుదాసుకు అప్పటినుంచే మొదలైంది ఆ గజిబిజి. తన చేతికి మెత్తగా తగిలినప్పుడే లోపల విరిగిపోయిందా? లేక ఇంకా ఇంత ప్రాణం ఉంటే ఓబుళప్ప లాగుడుకు పోయిందా? మెత్తబడడానికీ విరగడానికీ మధ్య గీత ఎక్కడుందో ఎవరు చెబుతారు? "నేను చెయ్యి తీసినప్పుడు నిలబడే ఉండె కదన్నా" అన్నాడు. ఓబుళప్ప వేస్టు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. 

సాయంత్రం లక్ష్మీనారాయణ వచ్చాడు. ఏసుదాసు ఒక మూల కూర్చుని కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటున్నాడు. విషయం ఓబుళప్పే చెప్పాడు.

"మావాని చేతిలో స్టడ్డు ఇరిగిందప్పా. రెండు మూడు దినాలు పడతాది."

ఏసుదాసు లేచి నిలబడ్డాడు. మోచేతుల నుంచి కిరసనాయిలు కారుతోంది. తాను విరగ్గొట్టలేదని, చెయ్యి తీసి పిలిచానని చెప్పాడు. నేను పట్టుకునే లోపలే ఇరిగిందని ఓబుళప్ప నేల చూస్తూ గొణిగాడు. లక్ష్మీనారాయణ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. తీర్పు చెప్పడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు.

"మా నాయన అప్పుడే చెప్పినాడు. బండి ఓబుళప్ప చేతిలో పెట్టు, ఆ పేటవాని చేతిలో పెట్టొద్దని. నేనే ఇనకపోతి" అన్నాడు.

కోపంగా అనలేదు. ఈ ఏడు వానలు లేవు అన్నట్టు అన్నాడు. అందుకే అది ఎక్కువ తగిలింది. ఊరి చివర చర్చి వెనక ఉన్న నలభై ఇళ్లను పెనుకొండలో పేట అంటారు. ఆ మాటను ఎవరు ఏ గొంతుతో అంటారో ఏసుదాసుకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఆదివారం తాను కదిరికి పోవాలని, శనివారం మధ్యాహ్నానికి బండి సిద్ధం కావాలని, ఈసారి వాణ్ణి తాకనీయకుండా నువ్వే చెయ్యాలని ఓబుళప్పకు చెప్పి లక్ష్మీనారాయణ బస్టాండు వైపు వెళ్లిపోయాడు. ఓబుళప్ప అప్పుడు కూడా చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు.

ఇంట్లో భార్య ఎస్తేరు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. పుట్టిల్లు ధర్మవరం. మగ్గాల వాళ్లకు పట్టూ జరీ చుట్టిచ్చే పని తల్లి సుశీలమ్మ దగ్గర నేర్చుకుని, పెళ్లయ్యాక ఆ రాట్నాన్నే వెంట తెచ్చుకుంది. మొగుడు చెప్పిందంతా చెయ్యి ఆపకుండా విన్నది. విన్నాక పోగు తెంపి, రాట్నం పక్కకు జరిపింది.

హిందూపురంలో ఆమె తమ్ముడు ఆనంద్ పనిచేసే గ్యారేజీలో మెకానిక్కు కావాలని రెండు నెలలుగా అడుగుతున్నారు. ఏసుదాసే ఊరుకుంటూ వచ్చాడు. ఇంకా ఏం చూస్తున్నావని ఎస్తేరు అడిగింది. సోమవారం పోతానన్నాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఏసుదాసుకు లక్ష్మీనారాయణ మాట కంటే ఆ మాట పడినప్పుడు ఓబుళప్ప నోరు మెదపకపోవడమే గుండెలో ముల్లులా నిలిచిపోయింది.

"పోతా. అయితే ఆ ముక్క నా చేత్తోనే తీసి పోతా" అన్నాడు. "ఇరిగిన మొకం చూస్తే తెలిసిపోతాది, పాత పగులో కొత్త పగులో. దాన్ని ఆ లక్ష్మీనారాయణ చేతిలో పెట్టి, చూసుకో అని చెప్పి, అప్పుడు పోతా."

మర్నాడు అంగడికి పోయేసరికి ఓబుళప్ప స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వాణ్ణి తాకనీయొద్దని గిరాకీ చెప్పిన సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ దాని ఊసెత్తలేదు. ఏసుదాసు పెట్రోలు ట్యాంకు దించాడు, కార్బురేటరు విప్పాడు, ఇంజను తల విప్పి బల్ల మీద పెట్టాడు. ఓబుళప్ప పానాల డబ్బా కాలితో అతని వైపు నెట్టాడు. పద్నాలుగేళ్లుగా నెట్టినట్టే.

ఏసుదాసు టార్చి వేసి, మొండి విరిగిన ముఖాన్ని చూశాడు. సగం నల్లగా, సగం తళతళ మెరుస్తూ ఉంది. నలుపంటే పాత పగులు, పొగ పట్టి మసిబారింది. మెరుపంటే నిన్నటిది. ఏసుదాసుకు ఊపిరి వచ్చింది. పక్క షెడ్డు నుంచి వెల్డింగు తిప్పన్నను పిలిచి చూపించాడు. ఇది ఎప్పుడో సగం తెగిందప్పా, మీరిద్దురూ కాదు, ఎవరు ముట్టుకున్నా పోయేదేనని తిప్పన్న తేల్చేశాడు. అది ఓబుళప్ప కూడా కళ్లారా చూడాలని ఏసుదాసు టార్చి మొండి మీదే ఉంచి, చూడన్నా అన్నాడు. ఓబుళప్ప వంగాడు, ముఖం దాదాపు ఇనుముకు ఆనించాడు, లేచాడు.

"నాకు అంతా ఒక్క రంగే కనిపిస్తాండాది" అన్నాడు.

అబద్ధమనుకుని ఏసుదాసు మనసులో తిట్టుకున్నాడు. కాసేపయ్యాక టీ గ్లాసు కోసం ఓబుళప్ప చెయ్యి బల్ల మీద తడుముకోవడం చూశాడు. గ్లాసు ఎదురుగానే ఉంది. తిట్టింది వెనక్కి తీసుకోవాలో వద్దో తెలియలేదు.

విరిగిన స్టడ్డుతో తొందరపడేవాడు ఇంజను తలనే పోగొట్టుకుంటాడు. డ్రిల్లు వేస్తే, తలది మెత్తని అల్యూమినియం, స్టడ్డుది గట్టి ఇనుము, మొన పక్కకు జారి మెత్తనిదాన్నే తింటుంది. అందుకని ఏసుదాసు డీజిలులో కాస్త బ్రేకాయిలు కలిపి మొండి చుట్టూ చుక్కచుక్కగా పోశాడు. గంటకోసారి చిన్న సుత్తితో మెల్లగా తట్టాడు. గొళ్లెం వేసిన తలుపును లోపలివాళ్లకు కోపం రాకుండా తట్టినట్టు తట్టాడు. సాయంత్రానికి కూడా లోపలివాళ్లు పలకలేదు.

శుక్రవారం త్రీఫేజు కరెంటు పదకొండింటికి వచ్చింది. ఎస్తేరు ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర వెలిగించి మిగిల్చిన కొవ్వొత్తి ముక్క ఒకటి ఏసుదాసు జేబులో ఉంది. తిప్పన్న గ్యాసు మంటతో మొండి చుట్టూ ఉన్న లోహాన్ని వేడిచేశాడు. ఏసుదాసు కొవ్వొత్తిని మొండి మొదట్లో ఆనించాడు. మైనం కరిగి నీళ్లయి మరల సందుల్లోకి దిగింది. తర్వాత మొండి మీద ఒక పెద్ద నట్టు పెట్టి, దాని బొక్కలోంచి సన్న రాడ్డుతో వెల్డింగు పోసి రెండింటినీ ఒకటి చెయ్యాలి. అప్పుడు స్పానరుకు పట్టు దొరుకుతుంది. తిప్పన్న కళ్లకు నల్లద్దం అడ్డం పట్టుకుని పోశాడు. ఎరుపు చల్లారకముందే ఏసుదాసు స్పానరు వేశాడు. నట్టు ఊడి అంగడి మూలకు ఎగిరిపోయింది. మొండి కదల్లేదు.

రెండో నట్టు. ఈసారి ఏసుదాసు లాగలేదు. ముందుకు వెంట్రుకవాసి, వెనక్కి వెంట్రుకవాసి. మళ్లీ ముందుకు. ఎంత బలం అన్నది కాదు, ఎక్కడ ఆపాలన్నది. అలా పావుగంట. ఓబుళప్ప స్టూలు దగ్గరికి జరుపుకుని, తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. ఒకచోట కీచుమని సన్నగా మూలిగింది. "ఆఁ, వచ్చె" అన్నాడు ఓబుళప్ప, కళ్లు మూసుకునే. వచ్చింది. తెల్లటి పొడి రాల్చుకుంటూ, ఒక్కో మర చుట్టు తిరుగుతూ, బయటికి వచ్చింది.

తిప్పన్న భుజం తట్టి తన పనికి పోయాడు. ఏసుదాసు ముక్కను గుడ్డలో పట్టుకుని, చల్లారాక వెలుతురుకు తెచ్చుకున్నాడు. మరల సందుల్లో నల్లగా ఏదో చుట్టుకుని ఉంది. మసి అనుకుని గోటితో గీరాడు. గీరిన చోట ఎర్రగా తళుక్కుమంది.

జరీ పోగు.

కాసేపు అతనికి ఏమీ అర్థం కాలేదు. ఇంజను తలలో పట్టుచీర అంచు ఎందుకుంటుంది? తర్వాత మెల్లగా, కాళ్ల నుంచి పైకి పాకినట్టు, తెలిసి వచ్చింది. స్టడ్డు మరలు అరిగి బొక్కలో వదులైతే, హిందూపురం లేతు మిషనుకు పంపి, బొక్కలో కొత్త మరలున్న బుష్షు వేయించాలి. తల విప్పి, మళ్లీ బిగించేదాకా రెండు రోజుల పని. దానికి ఏసుదాసు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎస్తేరు పారేసే తెగిన జరీ కొనలు తెచ్చి, స్టడ్డుకు మూడు చుట్లు చుట్టి బిగిస్తే రాయిలా పట్టేది. నార కాలిపోతుంది, దారం కాలిపోతుంది, జరీలో రాగి ఉంది కాబట్టి నిలుస్తుంది. ఎవరికీ చెప్పని ఉపాయం. ఆ రోజుల్లో తన తెలివికి తానే ముచ్చటపడేవాడు. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం లక్ష్మీనారాయణ తొందర చేస్తుంటే ఈ బండికీ అదే చుట్టాడు. చుట్టి, ఎందుకైనా మంచిదని ఇంకో పావు చుట్టు బిగించాడు.

రాగీ అల్యూమినియమూ వేడిలో ఒకదాన్నొకటి తిని ఈ తెల్లపొడిగా మారి, స్టడ్డును లోపలే పాతేశాయి. ఆ పావు చుట్టుకే సగం తెగి ఉంటుంది. మొకం మీది నలుపు ఆనాటిది. అంటే పాత పగులు నిజమే. లక్ష్మీనారాయణ ముందు పెట్టి చూసుకో అనాలనుకున్న ఆ నలుపు తన చేతిదే.

మరి తాను ఇప్పుడు ఎవరి మీద కోపంగా ఉన్నాడు? ఓబుళప్ప అబద్ధం చెప్పాడు. కానీ ఆ అబద్ధం రెండేళ్లు వెనక్కి పోతే నిజం. లక్ష్మీనారాయణ తెలియక అన్నాడు. కానీ తప్పు చేసినవాణ్ణే అన్నాడు. అయితే ఆ పేట మాట కూడా సరైనదైపోతుందా? దొంగకు తేలు కుట్టినట్టయింది ఏసుదాసుకు. ముక్కను చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

"ఎట్లుండాది రా త్రెడ్డు?" అని ఓబుళప్ప అడిగాడు. మరలు పోయాయని, బుష్షు వేయించాల్సిందేనని, హిందూపురం పోయివస్తానని చెప్పి, ఇంజను తలను తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కాడు.

లేతు పని అయ్యేదాకా ఆగాలి. ఆగినచోటికి రెండు వీధుల అవతలే ఆనంద్ గ్యారేజీ. సిమెంటు నేల, గోడకు వరుసగా తగిలించిన పానాలు, పనివాళ్లందరికీ ఒకే నీలం చొక్కా. ఆనంద్ బావను లోపలికి పిలిచి, సోమవారం తొమ్మిదికి రమ్మని యజమానితో చెప్పేశానన్నాడు. ఇక్కడ పేట గీట అడిగేవాడు లేడని గొంతు తగ్గించి చెప్పాడు. ఏసుదాసు తల ఊపాడు. ఆ ఊపుడు అవుననో కాదనో ఆనంద్‌కు తెలియలేదు, ఊపినవాడికీ తెలియలేదు. తిరుగు బస్సులో జేబులోని ముక్క ప్రతి గుంతకూ రొమ్ముకు పొడుచుకుంటూ వచ్చింది. జరీ చుట్టిన బండ్లు ఇంకెన్ని? రొళ్ల ఊరిలో ఒకటి. ముదిగుబ్బ టీచరుది ఒకటి. లెక్క పెడుతూ పెనుకొండ దాకా వచ్చాడు. ఎనిమిది తేలాయి.

శనివారం మధ్యాహ్నానికి ఇంజను తల బండి మీదికి ఎక్కింది. కొత్త స్టడ్లు, కొత్త గ్యాస్కెట్టు, సైలెన్సరు. ఎడమ నట్టు బిగించి, కుడిది వేలితో తిప్పి పెట్టాడు. అప్పుడే లక్ష్మీనారాయణ వచ్చాడు. స్పానరు ఏసుదాసు చేతిలో ఉండడం చూసి కనుబొమలు ముడిచాడు. బండి చుట్టూ తిరిగి, వంగి చూసి, ముఖం విప్పుకున్నాడు.

"చూస్తివా ఓబుళప్పా, నీ చెయ్యి పడితే ఎట్లొచ్చిందో. అందుకే మా నాయన అనేది."

ఓబుళప్ప స్టూలు మీది నుంచి లేచాడు. లేవడానికి చాలాసేపు పట్టింది.

"నేను ముట్టనే లేదప్పా. తీసింది వాడే" అన్నాడు. "ఆ పొద్దు ఇరిగింది నా చేతిలో. వాడు చెయ్యి తీసి నన్ను పిలిచినాడు. నాకు కండ్లు సరిగా కనిపీయడంల్యా. చెయ్యి పోయిందని తెలిస్తే అంగడికి ఎవరొస్తారని బయపడి అబద్ధం చెప్తి."

మూడు రోజులుగా ఏసుదాసు వినాలనుకున్న మాట అదే. ఆ మాట వినబడితే చాలు, అన్నం దిగుతుందనుకున్నాడు. ఇప్పుడు వినబడింది.  ఊరుకుంటే సరిపోతుంది. తాను గెలిచినట్టే. జేబులో ఏముందో లోకంలో ఇంకెవరికీ తెలియదు.

స్పానరు కింద పెట్టి, జేబు గుండీ విప్పి, ముక్క తీసి బండి సీటు మీద పెట్టాడు.

"ఓబుళప్పన్న చేతిలో కాదు, నా చేతిలో కాదు, ఎవరి చేతిలో అయినా ఇరిగేదే ఇది" అన్నాడు. "రెండేండ్ల కిందట త్రెడ్డు వదులైతే లేతుకు పంపకుండా జరీ చుట్టి బిగిస్తి. నీకు చెప్పలేదు, అన్నకూ చెప్పలేదు. అది పట్టేసింది. ఇదో, ఎర్రగా ఉండాదే, అదే."

లక్ష్మీనారాయణ ముక్కను తీసుకుని, తిప్పి చూసి, మళ్లీ సీటు మీద పెట్టాడు. ఆయన ముఖంలో కోపం ఎటు పోవాలో తెలియక తిరుగుతోంది.

"మొన్న ఇద్దురూ నేను కాదంటిరి. ఈ పొద్దు ఇద్దురూ నేనే అంటాండారు. ఎవరి మాట పట్టుకోవాలప్పా నేను?"

"నా మాట పట్టుకోన్నా" అన్నాడు ఏసుదాసు.  "తప్పు నాది. పేటది కాదు."

బస్టాండులో ఏదో బస్సు హారను కొట్టి వెళ్లింది. లక్ష్మీనారాయణ బండి తాళాన్ని వేలికి తగిలించి ఒకసారి తిప్పాడు, ఆపాడు.  ఓబుళప్ప కింద ఉన్న స్పానరును తడిమి తీసి ఏసుదాసుకు అందించాడు. ఇంకో నట్టు ఉండాది కదా అన్నాడు.

తాకనీయొద్దని లక్ష్మీనారాయణ అనలేదు. పంచె పైకి ఎగదోసుకుని బండి పక్కన గొంతుకూర్చుని చూశాడు. ఏసుదాసు కుడి నట్టు బిగించాడు. స్పానరు కింద ఇనుము గట్టిపడి నిలిచింది. ఎప్పుడూ అక్కడి నుంచి ఇంకో పావు చుట్టు వేసేవాడు. చెయ్యి అలవాటుగా దానికి సిద్ధమైంది కూడా. తీసేశాడు.

"చాలునా?" అని లక్ష్మీనారాయణ అడిగాడు. ఈ బండి గురించి ఆయన ఏసుదాసును నేరుగా ఒక మాట అడగడం అదే మొదలు.

"చాలు."

బండి శుభ్రంగా పలికింది. లక్ష్మీనారాయణ సైలెన్సరు మొదట్లో అరచెయ్యి పెట్టి గాలి తగలడం లేదని చూసుకుని, ఇద్దరికీ కలిపి ఒక తల ఊపి వెళ్లిపోయాడు. క్షమించాడో లేదో, ఎవరు ఎవరిని క్షమించాలో ఏసుదాసుకు తేలలేదు. అయినా తేలిగ్గా ఉంది. తేలిగ్గా ఎందుకుందో కూడా తెలియలేదు.

బల్ల కింద సుద్దముక్క వెతికి తీసుకుని, వెనక రేకు మీద రాయడం మొదలుపెట్టాడు. రొళ్ల బండి. ముదిగుబ్బ టీచరు. కదిరి రోడ్డు పాలాయన. ఓబుళప్ప దగ్గరికొచ్చి రేకుకు ముఖం ఆనించి, ఏం రాస్తాండావని అడిగాడు. జరీ చుట్టిన బండ్లు అని, ఒక్కొక్కటే పిలిపించి విప్పాలని ఏసుదాసు చెప్పాడు.

"సోమవారం హిందూపురం పోతావంట కదా. ఎస్తేరు చెప్పింది."

ఏసుదాసు ఎనిమిదో పేరు రాసి చేతులు దులుపుకున్నాడు.

"పోతే ఇవి ఎవరు విప్పుతారన్నా?" అన్నాడు.